జొన్నగిరి: ప్రాత గనులు, ప్రాత పేర్లు

శ్రీకాకుళము జిల్లాలో పైడిభీమవరమను ఊరు కలదు. ఆ పేరు విన్నప్పుడు మన భీమవరమువారికి కొంచెము అసూయ కలుగుట సహజము. అయితే అచట పైడిగని లేదు. నేడచట నున్నవి మందుల కర్మాగారములు. తణుకు నంటి పైడిపర్రు కలదు. పర్ర యనగా నీరు నిలుచు పల్లపు నేల. అచట గునపము దింపినచో బురద వచ్చును గాని బంగారము రాదు. అసలు మన డెల్టాలో రాయి యనునదే అపురూపము. గోదావరి వేలయేండ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టిపై మనము కాపురమున్నాము. ఇంటి పునాదికి కావలసిన కంకర సైతము మెట్టప్రాంతము నుండి లారీలలో రావలసినదే. నరసాపురము చుట్టుపట్ల ఈ మట్టి క్రింద ఏమున్నదో చూడదలచిన చమురు సంస్థవారు వేల అడుగులు తొలుచుకొని పోవలసివచ్చినది. కనుక లోహమును వెదకుట యనిన మనకు కథలలోని మాటయే. బజారులో కంసాలి ఒరగల్లుపై గీచు గీతతో మన ఖనిజవిజ్ఞానము ముగియును.

పేరును నమ్మి గునపము పట్టరాదని దీనినిబట్టి తెలియుచున్నది. కాని అన్ని పేర్లును ఇట్టివి కావు. నంద్యాల జిల్లా గడివేముల మండలములో ఒక గ్రామమునకు "గని" యనియే పేరు. ఆ ప్రాంతమున పూర్వులు రాగికై త్రవ్విన గోతులు కలవు. ఏ కాలమునందో త్రవ్వకము నిలిచిపోయినది, త్రవ్వినవారి పేర్లు నశించినవి, కాని చేసిన పని మాత్రము ఊరిపేరై నిలిచినది. నేడు ఆ ఊరి చుట్టునున్న బయళ్లలో సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు ఫలకములు వేయి మెగావాట్ల మేర పరచియున్నవి. రాగికై భూమిలోనికి దిగిన చోటనే నేడు ఆకాశమువంక చూచుచున్నారు. ఇక ఖమ్మము ప్రాంతమున మైలారములో రాగి దొరకినది. ఇది విని, మైలుతుత్తమునుండి మైలారమను పేరు వచ్చినదని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. రాగి వాసనయే లేని మైలారములు తెలంగాణమున పెక్కు కలవు. ఆ పేరు మైలారదేవునిది.

ఈ రెండు తెఱగుల పేర్లకును నడుమ, అవునో కాదో తేలక నిలిచినది జొన్నగిరి.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలములోని గ్రామమిది. చుట్టును మెట్టచేలు, నల్లరేగడి, ఎఱ్ఱచెలక, తక్కువ వాన. ఊరి పొలిమేరలలో పలుగురాతి చాళ్లు నేలపైకి తేలియుండును. ఆ పలుగురాతిని అనుసరించి పూర్వులు త్రవ్విన గోతులు, పూడిపోయిన గుంటలు భూగర్భశాస్త్రజ్ఞుల పటములలో "ప్రాత గనులు"గా గుఱుతింపబడినవి. ఇచటి బంగారము కట్టుకథ కాదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ పరిశోధించి చెప్పిన మాట. 2013లో జియోమైసూరు సర్వీసెస్ అను ప్రైవేటు సంస్థకు ఇచట గనికౌలు లభించినది. స్వాతంత్ర్యానంతరము ఒక ప్రైవేటు సంస్థ బంగారు గనికి పూనుకొనుట మన దేశమున అంతవఱకు లేని సంగతి కావున పత్రికలలో జొన్నగిరి పేరు మాఱుమ్రోగినది.

పేరు మాఱుమ్రోగుటకు వేఱొక కారణము కూడ కలదు. మైసూరు రాష్ట్రమున బ్రహ్మగిరి, సిద్ధాపురములలో బి. ఎల్. రైస్ పండితుడు 1892లో కనుగొన్న అశోకుని శాసనములందు, ఆజ్ఞ "సువర్ణగిరి"నుండి ఆర్యపుత్రుని పేర వెలువడినట్లున్నది. ఆర్యపుత్రు డనగా రాజకుమారుడు. మౌర్యుల దక్షిణదేశపు ముఖ్యపట్టణము సువర్ణగిరి యని దీనినిబట్టి చరిత్రకారులు గ్రహించిరి. ఆ సువర్ణగిరి యెచట? కొందఱు కన్నడదేశమందలి కనకగిరి యనిరి. కొందఱు మస్కి యనిరి. మఱికొందఱు జొన్నగిరి యనిరి. సువర్ణము ప్రాకృతమున సువణ్ణ, సొణ్ణ యగును. కన్నడమున స్వర్ణకారుని సొన్నగార యని వాడుదురు. సొన్నగిరియే జొన్నగిరి యైనదని వీరి వాదము.

వినుటకు ఇంపైన వాదమే. అయినను తెలుగు బోధించు వానిగా నాకు ఒక సందేహము తప్పదు. గసడదవాదేశమున చకారము సకారమగును. సరళాదేశమున చకారము జకారమగును. రెండింటికిని చకారమే మూలము గాని, సకారము తనంత తాను జకారమైనట్లు పదాదిని చూపుట కష్టము. మఱి "యావనాళము" జొన్న యగుటలో అట్టి ఇబ్బంది లేదు. యాత్ర జాతర యైనట్లు, యముడు జము డైనట్లు, యకారము జకారమగుట మన భాషలో రాజమార్గము. ఆ సీమలో జొన్న ప్రధానమైన పంట కూడను. జొన్నలు పండు కొండప్రక్క ఊరు జొన్నగిరి యైనదనుటకు మౌర్యులదాక పోనక్కఱలేదు. నేలలో బంగారముండుట నిజమే కావచ్చును. అంతమాత్రమున పేరు బంగారమునుండి వచ్చినదని గాని, అది రాజధాని యని గాని తేలదు. పాఠశాలలో ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పునప్పుడు "కావచ్చును" అను మాటను విడువరాదని నా మనవి. పర్యాటకుల కరపత్రములు ఆ మాటను ఎప్పుడో విడిచినవి.

అయితే పేరు తోసిపుచ్చినను తోసిపుచ్చరాని సంగతి యొకటి కలదు. జొన్నగిరికి సమీపమున ఎఱ్ఱగుడి కొండమీద అశోకుని పదునాలుగు శిలాశాసనములును, లఘుశాసనములును ఒకే చోట నున్నవి. పత్తికొండ ప్రక్క రాజులమందగిరిలో మఱియొక లఘుశాసనమున్నది. పడమటగా రాయచూరు సీమలో, హట్టి బంగారుగనులున్న పట్టీలోనే, మస్కి శాసనమున్నది. వీనిని కనుగొన్న వారెవరో చూడుడు. మస్కి శాసనమును 1915లో చూచినవాడు సి. బీడన్ అను బంగారుగనుల ఇంజనీరు. నాడది నిజాము రాజ్యము. ఆతడు వెదకినది బంగారమును. దొరకినది అశోకుని పేరు. అంతవఱకు దొరకిన శాసనములన్నింటను "దేవానాంప్రియుడు, ప్రియదర్శి" యను బిరుదములే గాని అశోకుడను నామము లేదు. సింహళ గ్రంథముల సాయమున పండితులు ఆ ప్రియదర్శియే అశోకుడని ఊహించిరి. ఆ ఊహకు రాతిమీది సాక్ష్యము తొలుత దొరకినది మస్కిలోనే. ఎఱ్ఱగుడి శాసనములను 1928-29 ప్రాంతమున లోకమునకు తెలిపినవాడు అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు. ఆయనయు ఖనిజములకై ఆ కొండలలో తిరుగుచున్నవాడే.

రాళ్లను చదువువారికి వ్రాతలు దొరకుట కేవలము యాదృచ్ఛికము కాదనుకొందును. గుట్ట గుట్టకును ఎక్కి బండ బండను పరికించు అలవాటు వారికే కలదు. మన పండితులలో చాలమంది కొండక్రింద గుడియొద్దనే ఆగిపోవుదురు. కాని అంతకంటె లోతైన ప్రశ్న కూడ కలదు: బంగారము వెదకు చోటనే శాసనము లేల యున్నవి? మౌర్యులు దక్షిణాపథపు బంగారముకొఱకే ఈ సీమలకు వచ్చిరని, శాసనములు గనుల దారి ననుసరించినవని కొందఱు చరిత్రకారులు ఊహించిరి. శాసనములలో బంగారుగనుల మాటయే లేదు. ఉన్నది ధర్మము, గురుశుశ్రూష, ప్రాణులయెడ దయ. కనుక ఊహ ఊహగనే యుండుగాక. అయినను ఒకే పట్టీలో ఇన్ని శాసనములుండుట ఆలోచింపదగినదే.

మౌర్యుల నాటి రాజనీతికి ఖనిజములు కొత్తవి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రము వ్రాతప్రతిని మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి 1909లో ప్రకటించిరి. అందు రెండవ అధికరణమున గనుల అధికారిని గూర్చి ఒక అధ్యాయమే యున్నది. ఆకరాధ్యక్షుడు లోహశాస్త్రము తెలిసినవాడు కావలెను, లేదా తెలిసినవారిని తోడుంచుకొనవలెను. అతడు వెదకవలసిన గనులు రెండు విధములు: పూర్వమెన్నడో త్రవ్వి విడిచినవి, ఇంతవఱకు ఎవరును త్రవ్వనివి. త్రవ్వి విడిచిన దానిని గుఱుతించుట ఎట్లు? కిట్టము, మూష, బొగ్గు, బూడిద: ఇవి కనబడిన చోట ప్రాతగని యున్నదని తెలియవలెను. తక్కిన చోట మట్టిరంగు, రాతి బరువు, వాసన, రుచి చూడవలెను. ఈ గ్రంథము ఏ శతాబ్దిదో పండితులింకను వాదించుచున్నారు. కాని దాని సలహా నేటికిని చెల్లుచున్నది. ప్రాతగోతులు, చిట్టెపు దిబ్బలు ఎచటనున్నవో మొదట వాకబు చేసి, పిమ్మట యంత్రములు తెచ్చుట నేటి భూగర్భశాస్త్రజ్ఞుల పద్ధతియు.

ఈ మాటలు మనకు దూరమైనవి కావు. కిట్టమునకు మన పల్లెలలో చిట్టెమని వాడుక. మూష మన కంసాలి కొలిమిలోని మూస. దానినుండియే "మూసపోత" వచ్చినది. ధాతువనగా వ్యాకరణమున క్రియకు మూలరూపము, గనిలో లోహమునకు మూలమైన రాయి. ధాతుపాఠము వల్లించలేక విసిగిన విద్యార్థి యొకడు, రెండవ ధాతువును త్రవ్వుటయే సులభమేమో యని మా కళాశాలలో అన్నాడు. త్రవ్విన వారి పని ఎట్టిదో వినినచో ఆ మాట అనియుండడు.

పూర్వుల త్రవ్వక మిట్టిది. పలుగురాతి చాలు కనబడిన చోట దానిని వెంబడించి దిగుదురు. ఉక్కు ఉలికి లొంగని రాతి ముఖమున కట్టెలు పేర్చి నిప్పు పెట్టుదురు. రాయి కాగి వ్యాకోచించును. పిమ్మట నీరు చల్లినచో పెటపెటలాడి పగులును. ఆ పగుళ్లలో ఉలులు, చీలలు దింపి ముక్కలు తీయుదురు. ఆ ముక్కలను పైకి మోసి, బండలపై రోళ్లవలె గుంటలు చేసి దంచుదురు. పిండియగువఱకు నూరి నీటిలో జాలించుదురు. తేలికైన రాతిపొడి కొట్టుకొనిపోవును. బరువైన పసిడి నలుసులు అడుగున నిలుచును. జాలించు పనియే వృత్తిగా గలవారిని మన భాషలో జలగడుగువారనిరి. కంసాలి అంగడిముందటి మట్టిని కడిగి పసిడిరవ్వలు తీసి బ్రదికినవారును వారే. రాయచూరు సీమలోని ప్రాతగనుల వద్ద ఇట్టి దంచుడుగుంటల బండలు నేటికిని చూడవచ్చును.

ఎంత లోతునకు దిగిరి? హట్టిలో పూర్వుల త్రవ్వకము సుమారు 640 అడుగుల వఱకు పోయినది. ఆవిరియంత్రము లేదు, మందుగుండు లేదు, విద్యుద్దీపము లేదు. అడుగున నీరు ఊరుచుండును, నిప్పు పెట్టినచో పొగ నిండును, ప్రాణవాయువు చాలదు. ఆ చీకటిలోనికి దిగినవారి పేరొక్కటియు ఏ శాసనములోను లేదు. గోడలు కూలకుండ వారు నిలిపిన కొయ్యదూలములు మాత్రము కొన్ని మిగిలినవి. ఆ కొయ్యను కర్బన పరీక్షకు పంపగా సుమారు 2000 ఏండ్లనాటిదని తేలినది. దక్షిణదేశపు బంగారుగనుల ప్రాచీనతను గూర్చి ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1962లో వ్రాసిన వ్యాసమునకు ఇట్టి ఆధారములే బలము. ఆ దూలమును వంటచెఱకుగా వాడియున్నచో మన చరిత్రలో ఆ వాక్యము లేకుండెడిది.

బంగారము సంగతి యిట్లుండగా, రాగి వెండుల తీరు వేఱు. రాగి తన్ను తాను దాచుకొనలేదు. రాగిచెంబునకు చిలుము పట్టినట్లు, రాగి ధాతువున్న బండకు వానలలో పచ్చని, నీలపు మరకలు పట్టును. పశువుల కాపరికి సైతము అది కంటబడును. అందువలననే రాగిగనులు అతిప్రాచీనములు. నెల్లూరు జిల్లా గరిమెనపెంటలో ప్రాత రాగిగోతులు కలవు. పల్నాటిలో వినుకొండకు సమీపమున అగ్నిగుండాల యున్నది. పేరునుబట్టి కొలిములు తలపునకు వచ్చుట సహజమైనను, మరల పేరును నమ్ముట యెందుకు? పేరుతో పనిలేకయే అచటి కొండలు సాక్ష్యమిచ్చుచున్నవి: నల్లకొండలో రాగి, ధూకొండలో రాగియు సీసమును, బండలమొట్టులో సీసము. ఈ మూడింటను ఆధునికులు పరిశోధన చేసిరి. బండలమొట్టులో హిందూస్థాన్ జింకు సంస్థ కొన్నాళ్లు సీసము తీసినది. పిదప ఆ గని మూతబడినది.

మన గోదావరి మండలమునకు ఈ కథతో కొంత చుట్టఱికము కలదు. పదునెనిమిదవ శతాబ్ది చివర సామర్లకోటలో కంపెనీవారి తోటను చూచుచుండిన బెంజమిన్ హేన్ అను వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, తెలుగుదేశమంతయు తిరిగి ఇచటి రాగిగనులు, వజ్రపుగనులు, ఇనుము కరగించు కొలిములను గూర్చి వ్రాసెను. ఆ రచనలు 1814లో లండనులో అచ్చైనవి. మొక్కలను చూడవచ్చినవాడు రాళ్లను విడువలేదు. ఒకే మనుజుడు చెఱకును, రాగిని, వజ్రమును అంతే శ్రద్ధతో చూడగల కాలమది. నేడు ఒక్కొక్క దానికి ఒక్కొక్క శాఖ యున్నది, శాఖకు శాఖకు ఉత్తరములు చేరుటకే యేడాది పట్టుచున్నది.

వెండి విషయము మఱింత చిత్రమైనది. వెండి తన రూపున దొరకుట అరుదు. తఱచుగా సీసపు ధాతువులో దాగియుండును. ఆ సీసపురాయి నల్లగా, బరువుగా, విఱిచినప్పుడు అద్దమువలె మెఱయును. కరగించి సీసము తీసి, దానిని మరల ఎముకబూడిదతో చేసిన మూసలో కాచినచో, సీసము గాలితో కలిసి భస్మమై మూసలోనికి ఇంకిపోవును; చివరకు వెండిబొట్టు తళుక్కున మిగులును. నల్లని రాతిలో తెల్లని లోహమున్నదని మొదట కనుగొన్న మానవు డెవడోగాని అతని ఓరిమికి నమస్కరింపవలెను. ఈ సీసపురాయినే నూరి కన్నులకు సుర్మాగా పెట్టుచుందురు. అది విషము, పసిబిడ్డల కన్నులకు పెట్టవలదని ఉపాధ్యాయులు తల్లులకు చెప్పవలసియున్నది. అంజనము వేసి నిధులను చూచెదమను మంత్రగాండ్రు మన పల్లెలలో ఉండెడివారు. సీసపురాతి కాటుకలో కనబడనిది కొలిమిలో కనబడినది.

నిధికిని ధాతువునకును గల భేదమును మనవారు తఱచుగా మఱచుచుందురు. నిధి యెవడో పాతినది. ధాతువు ప్రకృతి పేర్చినది. ఎఱ్ఱగుడి, జొన్నగిరి లున్న తుగ్గలి మండలములోనే చెన్నంపల్లి కోట యున్నది. అందు గుప్తనిధి యున్నదను వదంతిని నమ్మి 2017 డిసెంబరులో ప్రభుత్వాధికారుల ఎదుటనే త్రవ్వకములు సాగినవి. ఇటుకలు, ఎముకలు బయటపడినవి గాని నిధి లేదు. ఆ మండలమునందే తొలకరి వానలు కురిసినంతనే చేలలో వజ్రములు వెదకుటకు ఇరుగుపొరుగు జిల్లాలనుండి జనము తరలివచ్చుట యేటేట పత్రికలలో చదువుచున్నాము. వానకు కడిగిన మట్టిలో ఒకరిద్దఱికి రాయి దొరకుట నిజము. తక్కినవారు కూలి పోగొట్టుకొని, చద్దిమూట ఖాళీ చేసికొని ఇండ్లకు మరలుట అంతకంటె నిజము. వారిని పరిహసింప నాకు మనసు రాదు. వానకై ఎదురుచూచు మెట్టరైతునకు ఆశ తప్ప వేఱు పెట్టుబడి యేమున్నది?

బంగారపు ధాతువును వెదకువారి లెక్క మాత్రము వేఱు. సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట భూమి లోతులలో వేడినీరు శిలల పగుళ్లవెంట పైకెగసి, పలుగుతోపాటు పసిడిని పేర్చినది. ఆ పసిడి కంటికి కానరానంత సన్నముగా చెదరియుండును. కంటికి మిసమిసలాడునది తఱచుగా కాకిబంగారమే. నేడు టన్ను రాతిలో ఒకటి రెండు గ్రాములున్నను గని సాగించుచున్నారు. రెండు గ్రాముల లెక్కన ఒక కాసు బంగారమునకు, అనగా 8 గ్రాములకు, నాలుగు టన్నుల రాయి పిండి చేయవలెను. మన లెక్కలో చెప్పవలెనన్న, 75 కిలోల బస్తాలలో పోసినచో ఏబదిమూడు బస్తాలకు పైమాట. మన డెల్టాలో మంచి దాళ్వా పంటకు ఎకరము పండించు ధాన్యముకంటె అది ఎక్కువ. ఒక వధువు మెడలోని కాసులపేరునకు ఎంత కొండ పిండియైనదో లెక్కకట్టుట గణితము చెప్పువారికి మంచి అభ్యాసము.

పూర్వులకు గ్రాముల లెక్క లేదు. చేతితో దంచువారికి కూలి గిట్టవలెనన్న రాయి చాల సంపన్నమైనది కావలెను. కావున వారు మేలైనది తీసికొని తక్కినది విడిచిరి. ప్రాతగొయ్యి బంగారమున్న చోటును చూపును గాని, ఎంత మిగిలినదో చెప్పదు. ఈ రహస్యము తెలియక నష్టపడినవారు, తెలిసి లాభపడినవారు ఇరువురును మన దక్షిణదేశమున కలరు. 1802లో మైసూరు తూర్పు సరిహద్దులు కొలుచుచుండిన లెఫ్టినెంటు జాన్ వారెన్ కోలారు ప్రాంతపు గ్రామస్థులు మన్ను కడిగి పసిడి తీయుట చూచి వ్రాసి పెట్టెను. ఆ వ్రాతను చదివి 1871లో లావెల్ అను విశ్రాంత సైనికుడు వచ్చెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చెను. ప్రాత గోతుల క్రిందనే అసలు వేరు దొరకినది. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగెను. 1902లో శివసముద్రము జలపాతము విద్యుత్తు అచటికే మొదట పోయెను. సుమారు 800 టన్నుల బంగారము వెలువడినది. చిత్తూరు సీమనుండి పోయిన తెలుగువారును, తమిళులును ఆ చీకటిలో తరతరములు పనిచేసిరి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడినవి. ఆ 1880 ప్రాంతముననే వైనాడులోని ప్రాతగోతులను చూపి లండనులో పదులకొలది కంపెనీలు వాటాలమ్మినవి. రెండు మూడేండ్లలో అన్నియు కూలినవి. అచట పూర్వులు మిగిల్చినది చాల స్వల్పము. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరిది నడుమదారి: ప్రాతగనులవెంట ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆంగ్లకంపెనీలు త్రవ్వి విడిచిరి, పిదప భారత్ గోల్డ్ మైన్స్ త్రవ్వి విడిచినది.

ఇప్పుడు జొన్నగిరివంటి చోట నాకు తోచు చింత బంగారమును గూర్చి కాదు. తీయదలచినవారు తీయుదురు, దేశమునకు బంగారము కావలసియున్నది, మెట్టసీమ యువకులకు పని కావలసియున్నది. నేలను కోల్పోవు రైతునకు తగిన వెల, నీటికి రక్షణ ప్రభుత్వము చూడవలసిన బాధ్యతలు. కాని ఒక బాధ్యతను ఎవరును తమదిగా తలచుటలేదు. పూర్వులు సన్నని గోతులతో దిగిన చోటనే నేటి యంత్రములు కొండనంతయు తెఱచి పెద్ద గుంటగా త్రవ్వును. అప్పుడు ప్రాతగొయ్యి, దానిలోని మసి, విఱిగిన ఉలి, మట్టిపెంకులు, కొయ్యదూలము అన్నియు రాతిపొడితో కలిసి మరమూతికి పోవును. ఎఱ్ఱగుడి శాసనములకు పురావస్తుశాఖ రక్షణ కలదు. ప్రాతగనికి సాధారణముగా అట్టి రక్షణ లేదు. దానిని పటములో గుర్తించుట త్రవ్వకమునకు దారిగా మాత్రమే. జొన్నగిరి గోతులు మౌర్యుల నాటివో, విజయనగరము నాటివో ఒక్క బొగ్గుముక్క చెప్పగలదు. సువర్ణగిరిని గూర్చి పండితులు నూఱేండ్లు చేసిన వాదములో ఆ బొగ్గుముక్క మాట్లాడిన మాట నా సకార జకారముల చర్చకంటె బలమైనది.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. రాజస్థానములోని జావర్‌లో హిందూస్థాన్ జింకు సంస్థయే, బరోడా విశ్వవిద్యాలయము, బ్రిటిషు మ్యూజియములతో కలిసి 1980 దశకమున ప్రాత త్రవ్వకములను పరిశీలింపజేసెను. జింకును ఆవిరిగా మార్చి పట్టుకొనిన మట్టిమూసలు, కొలిములు అచట బయటపడినవి. లోహచరిత్రలో భారతదేశమునకు అంతకు ముందు లేని స్థానము దానివలన వచ్చినది. గని ఆగలేదు, కంపెనీ నష్టపడలేదు. గనికౌలు పత్రములో ఒక్క షరతు చేర్చిన చాలును: గునపము పడుటకు మునుపు ప్రాతగోతులను కొలిచి, పటము వ్రాసి, దొరకిన బొగ్గును కొయ్యను భద్రపఱచి, దగ్గఱి విశ్వవిద్యాలయమునకు అప్పగింపవలెనని.

వేసవి సెలవులలో విద్యార్థులను తీసికొనిపోదలచు ఉపాధ్యాయులకు దారి చెప్పెదను. గుత్తికి రైలు కలదు. అచటినుండి పత్తికొండ దారిలో సుమారు ఎనిమిది మైళ్లు పోయిన ఎఱ్ఱగుడి వచ్చును. కొండ ఎత్తైనది కాదు. ఉదయపు ఎండ యేటవాలుగా పడునప్పుడు బండలపై అక్షరములు చక్కగా కానవచ్చును. ధాన్యపుబస్తాల లెక్కయు, యకార జకారముల లెక్కయు అచటనే చెప్పవచ్చును. లఘుశాసనమున్న బండను తప్పక చూపవలెను. అందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి సాగగా, కొన్ని కుడినుండి ఎడమకు మరలును, కాడి త్రిప్పుకొని ఎద్దులు మరల వచ్చిన చాలువలె. చెక్కినవాడు ఏల అట్లు చెక్కెనో పండితులు పలువిధముల చెప్పుదురు. ఆ బండ దిగి కొండప్రక్కగా చూచినచో చుట్టును మెట్టచేలు కనబడును. కార్తెలు అనుకూలించిన యేట వానిలో జొన్నయే యుండును.